సొనోబె గ్లవ్ చప్పుడు

మా బేస్‌బాల్ జట్టులో సొనోబె పేరు చెబితే జనానికి మొహం గుర్తు రాదు, చప్పుడు గుర్తొస్తుంది. ఫిబ్రవరిలో, ఆటల కాలం మొదలయ్యే ముందు, మియాజాకి సాధన క్యాంపులో పిచ్చర్లు బంతులు విసరడానికి ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని పక్కనుంచి వెళ్లేవాళ్లు లోపల "ఠప్!" మని వినపడగానే ఆగిపోయి, "అబ్బో, ఎవడ్రా విసురుతున్నది!" అనేవాళ్లు. విసిరింది ఎవడైతేనేం, పట్టింది సొనోబె. నేను ఆ పక్కనే ఎండలో నిలబడి, బ్యాటర్లు సాధన చేసుకోవడానికి తేలిక బంతులు వేసేవాణ్ణి. పొద్దస్తమానం కొట్టించుకోవడమే నా ఉద్యోగం. నా బంతిని ఎవడూ మెచ్చుకున్న పాపాన పోలేదు గానీ, ఆ షెడ్డు మోత మాత్రం రోజంతా చెవిలో పడుతూనే ఉండేది.

బంతిని పట్టడం వేరు, మోగించడం వేరు. గ్లవ్ చివర తోలు అల్లిక ఉంటుంది, అందులో పడితే చేతికి నొప్పి ఉండదు, చప్పుడూ ఉండదు. అలా కాక, చూపుడు వేలి మొదట్లో ఉన్న గుంటలో పట్టి, బంతి తగిలీ తగలగానే బిగిస్తే రేకులు అదిరిపోతాయి. ఆ అదురంతా వేలు భరించాలి. సొనోబె ఎడమ చూపుడు వేలు ఎప్పుడూ ఉబ్బిపోయి నల్లగా ఉండేది. అందరిలా ఎడమ చేత్తో అన్నం గిన్నె ఎత్తి పట్టుకోలేక, పిడి ఉన్న కాఫీ కప్పులో అన్నం పెట్టుకుని తినేవాడు. "చంటిపిల్లాడిలా ఏంటయ్యా అది?" అని నేను ఏడిపిస్తే, "కప్పులో అయితే రెండు ముద్దలు ఎక్కువ పడతాయి కుసకా అన్నా, నీకెందుకు కుళ్లు?" అనేవాడు.

ఇంత బాధ ఎందుకు పడాలి అంటే, పిచ్చర్ల కోసం. పిచ్చరంత వింత జీవి లోకంలో ఇంకోటి లేదు. మనిషి చూస్తే తాడిచెట్టంత ఉంటాడు, లోపల చూస్తే పిరికిగొడ్డు. తన బంతి అవతలికి ఎలా వెళ్లి తగిలిందో వాడికి తెలియదు. చప్పుడు విని తెలుసుకోవాలి. గట్టిగా మోగితే 'ఇవాళ నాకు తిరుగులేదు' అనుకుంటాడు. మోగకపోతే ఆ రోజు వాడి మొహం చూడలేం. ఇప్పటిలా ప్రతి బంతికీ అంకెలు చెప్పే యంత్రాలు అప్పట్లో షెడ్డులో లేవు. అందుకని మోగించేవాణ్ణి జట్టే జీతమిచ్చి పెట్టుకునేది. మోగించాలి, వెంటనే "భలే బంతి!" అని అరవాలి. ఉద్యోగం అంతే.

సొనోబె వాళ్లావిడ ఫుమియె మా ఊళ్లో ఆడవాళ్లకు జుట్టు కత్తిరించే దుకాణం నడిపేది. "ఈయన మెచ్చుకోళ్లన్నీ ఆ షెడ్డులోనే ఖర్చుపెట్టేసి వస్తాడండీ, ఇంటికొస్తే నోరు పెగలదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. ఒకసారి కూతురు బడిలో బహుమతి తెచ్చి చూపిస్తే, పరధ్యానంగా "భలే బంతి" అన్నాడట. ఆ పిల్ల రెండు రోజులు మాట్లాడలేదట.

సొనోబె పుట్టుకతో చప్పుడు చేసేవాడేం కాదు. అసలు ఆటలో బంతులు పట్టే క్యాచర్‌గానే జట్టులోకి వచ్చాడు. అదే ఏడు ఇనగాకి అనే పిచ్చర్ కూడా వచ్చాడు. ఇనగాకిని అందరికన్నా ముందు ఎంచుకున్నారు, పత్రికల నిండా వాడి ఫొటోలే. సొనోబెను అందరికన్నా చివర, ఉంటే ఉన్నాడులే అన్నట్టు తీసుకున్నారు. వసతి గృహంలో ఇద్దరికీ ఒకే గది. సొనోబె పెద్ద జట్టులో ఆడింది ఒక్కటంటే ఒక్క ఆట. అదీ తొమ్మిది ఇన్నింగ్స్ ఆడాల్సింది కాస్తా మూడో ఇన్నింగ్స్‌లో వాన పడి రద్దయి, లెక్కల్లోంచి కొట్టుకుపోయింది. కొన్నేళ్లకు జట్టు పొమ్మంది. అప్పుడు ఇనగాకి మంచి ఊపు మీద ఉన్నాడు. ఆఫీసుకి వెళ్లి, "షెడ్డులో వాడు పట్టకపోతే నేను విసరను, మీ ఇష్టం" అని కూర్చున్నాడు. అలా సొనోబెకి ఈ పని దొరికింది.

నేను చెప్పే ఫిబ్రవరికి రెండేళ్ల ముందు ఇనగాకి భుజానికి ఆపరేషన్ అయింది. వయసు ముప్పై అయిదు దాటింది. మా దగ్గర వారానికి ఆరు ఆటలు, ఒక్కో ఆట మొదలుపెట్టడానికి ఒక్కో పిచ్చర్, మొత్తం ఆరుగురు. అయిదు చోట్లు క్యాంపుకి ముందే ఖాయమైపోయాయి. మిగిలింది ఆరోది. దానికి పోటీ పడేది ఇద్దరు. ఒకడు ఇనగాకి, రెండోవాడు కగామి, ఇరవయ్యేళ్లవాడు, బంతి విసిరితే గాలి చీల్చుకుపోయేది, ఎటు పోతుందో మాత్రం వాడికే తెలియదు. ఈసారి చోటు దొరక్కపోతే ఇనగాకి కథ ముగిసినట్టే. రెండో వరస ఆటగాళ్లుండే చిన్న జట్టుకి పంపుతారు, శరదృతువులో పిలిచి ఇన్నాళ్లూ కష్టపడ్డావని ఒక మాట చెప్పి సాగనంపుతారు. ఆ సంగతి ఇనగాకికీ తెలుసు, వంటమనిషికీ తెలుసు.

ఇద్దరి బంతులూ సొనోబె పట్టేవాడు. ఇద్దరికీ ఒకేలా మోగించేవాడు. పిచ్చర్ల కోచ్ బెప్పు చేతులు కట్టుకుని వెనక నిలబడేవాడు.

"ఏమయ్యా సొనోబె, ఎవరు మెరుగు?"

"ఇద్దరూ బ్రహ్మాండంగా ఉన్నారు కోచ్ గారూ."

"నిన్నడిగాను చూడు, నాకు బుద్ధి లేదు" అని బెప్పు విసుక్కుని వెళ్లిపోయేవాడు.

తొలి సన్నాహక ఆటలో ఇనగాకి మూడు ఇన్నింగ్స్ విసిరాడు. నేరుగా, వేగంగా, కుర్రతనంలో విసిరినట్టే విసరబోయాడు. వేగం మాత్రం రాలేదు. అవతలివాళ్లు పండగ చేసుకున్నారు, రెండు బంతులు కంచె దాటి సముద్రం వైపు పోయాయి. దిగివచ్చి, "షెడ్డులో చూశారుగా ఎలా మోగిందో! బంతి బాగానే ఉంది, ఇవాళ గాలి వాటం బాలేదు" అన్నాడు. వారం తర్వాత మళ్లీ అంతే, ఈసారి తప్పు మైదానం మట్టిదయింది. అటు కగామి ఎవరికీ కొట్టనివ్వలేదు గానీ, గురి కుదరక, పక్కకి పోయే బంతులు నాలుగేసి వేసి, కొట్టే పని లేకుండానే బ్యాటర్లను ఊరికే బేస్‌కి నడిపిస్తూ పోయాడు. బెప్పు తల పట్టుకుని, చివరి ఆదివారం ఆటలో ఇనగాకికి మొదటి నాలుగు ఇన్నింగ్స్, కగామికి తర్వాతి నాలుగు అని తేల్చాడు. ఎవరు నిలబడితే చోటు వాళ్లది.

ఆ సాయంత్రం హోటల్లో అందరూ కలిసి దిగే వేడినీళ్ల స్నానాల తొట్టిలో నేనూ సొనోబె తప్ప ఎవరూ లేరు. ఇదే అదననుకుని అడిగేశాను.

"నిజం చెప్పు, ఇనగాకి బంతిలో ఏమన్నా మిగిలిందా?"

"ఎవరి బంతి గురించీ బయట మాట్లాడను. మా పనిలో అది పద్ధతి."

"నీ పద్ధతి తగలెయ్య! నాకు చెప్పొద్దులే, వాడికి చెప్పు. వాడి దగ్గర వంపు బంతి ఉంది, నెమ్మది బంతి ఉంది, బ్యాటర్‌ని బోల్తా కొట్టించే బుర్ర ఉంది. అవి తీసి వాడితే ఆదివారం గట్టెక్కుతాడు. ఎందుకు వాడతాడు చెప్పు? నువ్వు పొద్దున్నే ఠప్పు ఠప్పుమని మోగించి, వాడికింకా ఇరవయ్యేళ్ల భుజం ఉందని నమ్మించి పెడుతున్నావు కదా!"

సొనోబె మెడదాకా నీళ్లలోకి జారాడు.

"మోగించకపోతే కూలిపోతాడన్నా" అన్నాడు చివరికి.

"కూలనీ. జనం ముందు కూలేకన్నా షెడ్డులో కూలితే, లేచి దులుపుకోవడానికి టైమన్నా ఉంటుంది."

సొనోబె దోసెడు నీళ్లు మొహాన చల్లుకున్నాడు. మొద్దు మనిషి, నా నోరు నొప్పి పుట్టడమే గానీ ఉపయోగం లేదనుకుని లేచి వచ్చేశాను.

శుక్రవారం నా భుజం పట్టేస్తే మంచు కట్టుకుని షెడ్డులో బెంచీ మీద కూర్చున్నాను. ఆటకి ముందు ఇనగాకి గట్టిగా విసిరేది ఆ రోజే. పిచ్చర్లు నిలబడి విసిరే మట్టి గట్లలో పక్కదాని మీద కగామి విసురుతున్నాడు, ఇంకో క్యాచర్ పడుతున్నాడు. ఇనగాకి కాలెత్తి, మొహం ఎర్రబడేలా నేరుగా ఒకటి విసిరాడు. చప్పుడు రాలేదు. దిండు మీద గుద్దినట్టు మెత్తగా వినపడిందంతే. ఇంకోటి విసిరాడు, అదీ అంతే. సొనోబె బంతిని గ్లవ్ చివరి అల్లికలో పట్టుకుంటున్నాడు. "భలే బంతి" అని కూడా అనడం లేదు.

ఇనగాకి గట్టు దిగి వచ్చాడు.

"ఏంట్రా, గ్లవ్ మార్చావా?"

"లేదు."

"వేలు నొప్పా?"

"లేదురా. బంతి ఎలా వస్తే అలా పట్టాను."

షెడ్డులో మిగతావాళ్లంతా విసరడం ఆపేశారు. ఇనగాకి అటూ ఇటూ చూశాడు, గొంతు తగ్గించాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

సొనోబె మొహానికున్న జాలీ ముసుగు తీసి నేల మీద పెట్టాడు. "ఆపరేషన్ అయినప్పటి నుంచి."

కొడతాడనే అనుకున్నాను. కొట్టలేదు. చేతిలోని బంతి కింద పడేసి బయటికి పోయాడు. ఇక తిరిగి రాడనుకుని కోచ్ బెప్పు కూడా గడియారం చూసుకున్నాడు. కాసేపటికి ఇనగాకి తల మీంచి నీళ్లు కారుతుండగా వచ్చి గట్టెక్కి, "కూర్చుని పట్టు" అన్నాడు. ఈసారి వంపు బంతి వేశాడు. అలాంటి బంతిని ఎవరు పట్టినా చప్పుడు రాదు.

"ఇది?"

"వంపు ముందే తెలిసిపోతోంది."

"ఇది?"

"కొంచెం కిందికి."

"ఇది చెప్పరా!"

"ఇది కొట్టలేరు."

అలా చీకటి పడేదాకా సాగింది. అన్నేళ్లలో ఆ ఇద్దరూ బంతి గురించి మాట్లాడుకోగా నేను వినడం అదే మొదలు. మధ్యలో ఒక్కసారి కూడా నవ్వుకోలేదు.

ఆదివారం ఇనగాకి ఆట చూస్తే చిన్నపిల్లలకి కూడా నవ్వొచ్చేలా ఉంది. బంతి ఊగుతూ, తూగుతూ, దారి తప్పినట్టు వెళ్లేది. బ్యాటర్లు బంతి రాకముందే కర్ర ఊపేసి, తిట్టుకుంటూ వెళ్లి కూర్చునేవాళ్లు. నాలుగు ఇన్నింగ్స్ ముగిసేసరికి అవతలివాళ్లకి ఒక్క పరుగు కూడా రాలేదు. కగామి వచ్చి పిడుగుల్లాంటి బంతులు వేశాడు, నలుగుర్ని ఊరికే నడిపించి రెండు పరుగులిచ్చాడు. పాపం, మర్నాడు చిన్న జట్టు బస్సెక్కాడు. ఆరో చోటు ఇనగాకిది.

నేను పొంగిపోయి బీరు కొనుక్కొచ్చాను. అప్పుడు తెలిసింది, ఇనగాకి కోచ్ దగ్గరికెళ్లి, ఇక మీదట నా బంతులు పట్టడానికి వేరేవాణ్ణి పెట్టండి అన్నాడని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. హోటల్ మెట్ల మీద దొరకబుచ్చుకున్నాను.

"నీకు విశ్వాసం ఉందా అసలు? వాడు నిజం చెప్పబట్టేగా నీకు చోటు దొరికింది?"

"నిజం చెప్పినందుకు కాదన్నా" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, అదే నాకు ఇంకా చిరాకు తెప్పించింది. "రెండేళ్లు ఇంటికెళ్లి మా ఆవిడకి, పిల్లలకి, చెయ్యి ఇంకా బతికే ఉందని చెప్పాను. వాడి చప్పుడు విని వచ్చి చెప్పాను. ఇప్పుడు వాడు మోగిస్తే అబద్ధమనుకుంటాను, మోగించకపోతే జాలిపడుతున్నాడనుకుంటాను. ఇంక వాడికి ఎలా విసరమంటావు?"

నేను మెట్లు దిగి వచ్చేశాను. సొనోబెకి నేనే చెప్పాను. వాడు వింటూ గ్లవ్‌కి నూనె రాస్తున్నాడు.

"చోటు ఖాయమేగా?" అన్నాడు.

"ఖాయమే."

"మరింకేం" అన్నాడు గానీ, నూనె రాసిన చోటే మళ్లీ మళ్లీ రాస్తూ కూర్చున్నాడు.

ఏప్రిల్‌లో ఇనగాకి మొదటి ఆట మా సొంత మైదానంలోనే. అక్కడి షెడ్డులో ఎవరో కుర్ర క్యాచర్‌తో చెయ్యి వేడెక్కించుకున్నాడు. ఆట మొదలుపెట్టే పిచ్చర్ మైదానంలోకి వెళ్లేటప్పుడు షెడ్డులో ఉన్నవాళ్లంతా తలుపు దగ్గర వరసగా నిలబడి సాగనంపడం మా ఆనవాయితీ. సొనోబె అందరికన్నా చివర నిలబడ్డాడు. ఇనగాకి ఒక్కొక్కరి చేతికీ చెయ్యి తాకిస్తూ వచ్చాడు. సొనోబె ముందుకొచ్చి ఆగాడు. సొనోబె ఉబ్బిన చెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది. ఇనగాకి టోపీ తీశాడు, రెండు చేతులూ ఒంటికి ఆనించుకుని, ఆఫీసులో పెద్దవాళ్ల ముందు వంగినట్టు నడుము దాకా వంగాడు.

"సొనోబె గారూ, మీరు చేసిన మేలు మర్చిపోలేనండీ" అన్నాడు.

ఒకే గదిలో పెరిగినవాళ్లు, ఒరేయ్ అనకుండా ఒక్క మాట మాట్లాడుకోనివాళ్లు. సొనోబె చెయ్యి దింపేసి తనూ అంతే వంగి, "జాగ్రత్తగా ఆడి రండి" అన్నాడు. ఇనగాకి టోపీ పెట్టుకుని వెలుతురులోకి వెళ్లిపోయాడు.

ఆ రోజు గెలిచాం. ఇనగాకి ఏడో ఇన్నింగ్స్ దాకా నిలిచాడు. సొనోబె లోపల టీవీ ముందు కూర్చుని, వాడి ప్రతి బంతికీ తనే పడుతున్నట్టు ఎడమ చెయ్యి బిగిస్తూ చూశాడు. ఆట అయ్యాక నా పక్కనే బస్సెక్కి, "ఆ గుమ్మంలో అందరి ముందూ నా గూబ పగలగొట్టినా బాగుండేదన్నా" అని ఏడ్చాడు.