జీపు ట్యాంకు మూత

మా ఆయన చేతికి డీజిల్ వాసన వచ్చిన రోజే నా అనుమానం గట్టిపడింది. నాంపల్లి కోర్టులో గుమాస్తా చేతికి కాగితాల దుమ్ము వాసన రావాలి గానీ డీజిల్ ఎందుకు వస్తుంది? ఇంట్లో జీపు జోలికి పోయేది నేనొక్కదాన్నే. ఆయనకు బానెట్ ఎలా తెరవాలో కూడా తెలియదు.

ఆ జీపు మా నాన్నది. గౌలిగూడలో పార్సిళ్ల వ్యాపారం చేసినన్నాళ్లూ ఆయన దాని మీదే తిరిగాడు. గేరు రాడ్డు పక్కనే ఇంకో పొట్టి రాడ్డు ఉంటుంది. బురదలో దిగబడినప్పుడు అది లాగితే నాలుగు చక్రాలూ కలిసి తిరుగుతాయి. మా గల్లీలో దానితో ఏ పనీ లేదు. అయినా నాన్న పోయాక తమ్ముళ్లు వద్దన్నదాన్ని పంతం పట్టి నేను తెచ్చుకున్నాను. చిన్నప్పుడు నాన్నకు స్పానర్లు అందిస్తూ నేర్చుకున్న పని అది. దాన్ని తుక్కుకు పంపడమంటే నాన్నను మళ్లీ సాగనంపడమే అనిపించేది.

మా ఆయనకు మాత్రం అది కంట్లో నలుసు. "మెట్రో ఇంత దగ్గర ఉండంగ గీ డబ్బా ఎందుకు?" అనేవాడు. ఆయన అదృష్టమో ఏమో, వానలు మొదలయ్యేసరికి జీపు మొరాయించసాగింది. ఇంటి దగ్గర శుభ్రంగా స్టార్టయ్యేది. అబిడ్స్ చేరేసరికి గుటకలు మింగి ఆగిపోయేది. వెనక బస్సులూ ఆటోలూ హారన్లు కొట్టి నా పరువు తీసేవి. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడిచేది. అసలు నడవకపోతే రోగం అనుకోవచ్చు, ఇది దొంగవేషం.

చివరికి ఆయన షరతు పెట్టాడు. "దసరా ముంగటి శుక్రవారం అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాంక పోయి, ఆగకుండ ఇంటికి రావాలె. లేకుంటే తుక్కు సేటును పిలుస్త."

రోషం కొద్దీ ఒప్పుకున్నాను. ఫిల్టరు మార్చాను, పైపుల్లో చేరిన గాలి తీశాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత రిపేరు పుస్తకం ముందేసుకుని, సైకిలు పంపుతో పైపులోంచి ట్యాంకులోకి గాలి కొట్టాను. లోపల బుడబుడమని చప్పుడైంది. ఆ వారం జీపు పోస్టాఫీసు దాటి కూడా పోయింది. ఇక గెలిచాననుకుంటుండగా శనివారం అబిడ్స్‌లో మళ్లీ ఆగింది. అంటే ట్యాంకులో ఏదో డీజిల్ పైపుకు అడ్డం పడుతోంది. నేను తోసేస్తుంటే ఎవరో మళ్లీ వేస్తున్నారు. ఆ ఎవరో నా పక్కనే కూర్చుని పప్పన్నం తింటున్నాడని నాకు ఖాయమైపోయింది.

అప్పటి నుంచి ఆయన మెట్లు దిగితే చాలు, నేను కిటికీ దగ్గరికి చేరేదాన్ని. జీపు అవతలి పక్క మాత్రం కిటికీలోంచి కనపడేది కాదు. కింద మా అత్తమ్మ ఒక్కతే ఉండేది. ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసి, జీపు ముందర కూడా బొట్టు పెట్టేది. నేను బండి నడపడం ఆమెకూ ఇష్టం లేదు. "ఆడిమనిషికి గంత పెద్ద బండెందుకే?" అని ఎన్నిసార్లు అందో. ట్యాంకు మూత మీద పచ్చటి మరక కనిపిస్తే తుప్పనుకుని తుడిచేశాను.

ఆ శుక్రవారం నేను చప్పుడు చేయకుండా కిందికి దిగాను. మా ఆయన ట్యాంకు దగ్గర వంగి ఉన్నాడు. చెయ్యి మూత మీదే ఉంది.

"దొరికినవ్!" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మూత లూజున్నది. బిగిస్తున్న."

"ఎవరు తీస్తే లూజైంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. స్పానర్ తీసుకుని జీపు కిందికి దూరి, బకెట్టు పెట్టి, ట్యాంకు అడుగున ఉండే బోల్టు విప్పాను. డీజిల్ బుడబుడా కారింది. దాని వెంట పచ్చటి గింజలు వచ్చాయి. పిడికెడు బియ్యం.

"అవి నాయేనే," అంది అరుగు మీద పళ్లెం పట్టుకుని కూర్చున్న అత్తమ్మ. "దీని నోరు గిదే, తిండి గీడనే పోస్తరు అని నువ్వే చెప్పినవ్ గద. వారం వారం నాలుగు అక్షింతలు ఏసి మొక్కుతున్న. గా ట్రాఫిక్‌ల నా కోడల్ని మంచిగ ఇంటికి తేవాలె అని."

నేను మా ఆయన వైపు తిరిగాను. "నీకు ముందే తెల్సు గద?"

ఆయన గొంతు తగ్గించాడు. "అమ్మకు మూత బిగించుడు రాదు. చెప్తే నువ్వు ఆమె మీద లేస్తవ్. ఆమె నీ కోసం మొక్కుడు బందు పెడ్తది. జీపు పోతే పోనీ అనుకున్న."

గొంతు తగ్గించినా అత్తమ్మకు వినపడనే వినపడింది. బకెట్టులోకి చూసి, "నా చేతులతోని నేనే ఆపిన్నా బిడ్డా?" అని పళ్లెం పక్కన పెట్టేసింది. నేను ఒక్క మాట అనకముందే లోపలికి వెళ్లిపోయింది.

ట్యాంకు కడిగాను. మూతకు తాళం పెట్టించి, చెవి నా దగ్గరే ఉంచుకున్నాను. అమ్మ మీద ప్రేమతోనే ఊరుకున్నాడా, తుక్కు సేటు మీద ప్రేమతోనా అన్న అనుమానం నాకింకా పోలేదు.

తరువాతి శుక్రవారం పందెం రోజు. అత్తమ్మ గడపకు పసుపు రాసింది గానీ జీపు వైపు తలెత్తి చూడలేదు. బొట్టు లేని బానెట్ బోసిగా ఉంది. నేను సీట్లో కూర్చుని తాళం తిప్పబోయి ఆగిపోయాను. ఇన్నాళ్లూ ఆమె నా కోసమే మొక్కుతోందని తెలియకుండా బతికాను, తెలిశాక అది లేకుండా కదలబుద్ధి కాలేదు.

దిగి, ఆమె ముందు అరుగు కింద కూర్చుని తల వంచాను. "దాని నోట్ల వద్దు అత్తమ్మా. నా నెత్తి మీద వెయ్యుండ్రి."

ఆమె పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంది. తరువాత పళ్లెం చప్పుడైంది.

జీపు పోస్టాఫీసు దాకా పోయి ఆగకుండా తిరిగొచ్చింది. దారి పొడుగునా నా జుట్టులోంచి గింజలు ఒళ్లో రాలుతూనే ఉన్నాయి.