ఆదివారం మాస్టారింటికి వెళ్ళింది ఎవరు?

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఈ సంగతి జరిగిన తరువాత కూడా నమ్మలేదు. ఎందుకంటే ఇందులో చనిపోయినవారు ఎవరూ లేరు. కనిపించినవాడు నేనే. కనిపించిన చోట మాత్రం నేను లేను.

అది పందొమ్మిది వందల ముప్ఫైలలోని మాట. అప్పుడు నేను బి.ఎ. చదువుతున్నాను. మాది కొల్లేటి లంక గ్రామం. నాన్న చేపలు పట్టేవాడు. మా ఇంట్లో హైస్కూలు గడప దాటినవాణ్ణి నేనొక్కణ్ణే.

మా కాలేజీలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి విద్యార్థినీ ఒక ఉపాధ్యాయుడికి అప్పగించేవారు. ఆయన అప్పుడప్పుడు ఒక్కొక్కరినే తన గదికి పిలిచి, చదువు సంగతులూ ఇంటి కష్టసుఖాలూ అడిగి సలహా చెప్పేవారు. నన్ను చరిత్ర మాస్టారికి అప్పగించారు. ఆయన దగ్గరనుంచి మొదటిసారి పిలుపు వచ్చినప్పుడు నేను దాన్ని పరీక్ష అనుకున్నాను. చరిత్ర పాఠాలన్నీ వల్లెవేసుకుని వెళ్ళాను. "ఇంటి దగ్గర అంతా కులాసాయేనా?" అని మాస్టారు అడగగానే చేతులు కట్టుకుని మొగలు చక్రవర్తుల పేర్లు వరుసగా చెప్పడం మొదలుపెట్టాను. ఆయన నవ్వలేదు. చివరి పేరు వరకూ విని, "బాగుంది. ఇప్పుడు కూర్చో" అన్నారు. కూర్చున్నాను గాని, ఆ రోజే కాదు, తరువాత ఎన్నిసార్లు పిలిచినా "బాగానే ఉన్నానండి" అన్న మాట తప్ప నా నోట మరొకటి రాలేదు.

ఆ ఏడు దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న చూపు తగ్గిందని కనిపెట్టాను. నీటిలో దింపిన మావుల్ని, అంటే వెదురు పుల్లలతో అల్లిన చేపల బోనుల్ని, ఆయన కంటితో కాక పడవ నడిపే గెడతో తడిమి పోల్చుకుంటున్నాడు. ఎదురుగా పడవ వస్తే అవతలివాడు పలకరించేదాకా ఆగి, గొంతును బట్టి పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను కనిపెట్టానని ఆయనకు నేనూ చెప్పలేదు. చదువు మాని గెడ అందుకోవాలని మాత్రం నిశ్చయించుకున్నాను.

మాస్టారి సొంత ఇల్లు తాడేపల్లిగూడెంలో. సెలవుల్లో ఎవరికైనా మాట్లాడాలనిపిస్తే అక్కడికే రమ్మని చెప్పి ఉన్నారు. ఆదివారం వెళ్ళి, కాలేజీ మానుకుంటున్నానని చెప్పి రావాలనుకున్నాను. కాని ఆ ఉదయం నాన్నకు సాయంగా కొల్లేట్లోకి వెళ్ళేసరికి గాలి లేచింది. పడవను జమ్ము దుబ్బుల్లోకి తోసి, గెడను బురదలో దింపి, ఇద్దరం దాన్ని పట్టుకుని సాయంకాలం దాకా కూర్చున్నాం. ఆ సమయమంతా మాస్టారికి చెప్పదలచిన మాటల్ని మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. నా వరకు జరిగింది అంతే.

రెండు రోజులకు గాలి పూర్తిగా తగ్గాక ఏలూరు వచ్చి రైలెక్కాను. మాస్టారు వరండాలో పేపరు చూసుకుంటున్నారు.

"ఏమయ్యా పోతురాజూ, అప్పుడే వచ్చేశావు! డాక్టరేమన్నాడు?"

"ఏ డాక్టరండీ?"

"భలేవాడివయ్యా! ఆదివారం మధ్యాహ్నమంతా ఈ కుర్చీలో కూర్చుని మీ నాన్నగారి కళ్ళ సంగతి చెప్పింది నువ్వే కదా? ఏలూరులో మనకు తెలిసిన డాక్టరున్నాడు, ముందు చూపించమన్నానా?"

లోపలినుంచి ఆయన భార్య వచ్చారు. "ఏవండీ, మీరు మూగవాడన్న పిల్లాడు ఇతనేనా? ఆ రోజు మీకు సందివ్వకుండా గడగడా మాట్లాడాడు. ఇవాళ చూడండి, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు!"

నేను రాలేదండీ అన్నాను. మాస్టారు నవ్వి, ఏడ్చినందుకు సిగ్గుపడనక్కరలేదన్నారు. గెడతో మావులు తడమడం, గొంతును బట్టి మనుషుల్ని పోల్చుకోవడం, అన్నీ ఆయన నాకే తిరిగి చెప్పారు. "చదువు మానాలని నీకుందా అని అడిగితే, లేదండీ అన్నావు. అలాంటప్పుడు మానడం ఆఖరి మాట కావాలి గాని, మొదటి మాట ఎందుకయ్యింది?" అన్నారు.

ఎవరైనా నా వేషంతో వచ్చారేమోనని, ఆ రోజు నేనేం తొడుక్కున్నానో చెప్పగలరా అని ఆమెను అడిగాను. "ఇదే చొక్కా. మోచేతి వెనక చిరిగింది, కుట్టిస్తానంటే వద్దన్నావుగా!" అన్నారు. చెయ్యి మడిచి చూసుకున్నాను. చిరుగు ఉంది. అప్పటిదాకా నేను దాన్ని చూడలేదు. పైగా ఆదివారం ఆ చొక్కా మా ఇంట్లో దండెం మీద ఉంది.

ఇంటికి వెళ్ళి నాన్నకు జరిగింది జరిగినట్లు చెప్పాను. ఆయన మండిపడ్డాడు.

"నా కళ్ళ సంగతి బయట పెట్టిందెవడ్రా?"

"నేనేనంట నాన్నా. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి చెప్పానంట."

ఆయన నెమ్మదిగా, "ఆదివారం మధ్యాహ్నం నువ్వు నా పడవలో ఉన్నావు గదరా. గెడ మీద నా చెయ్యి పక్కన నీ చెయ్యే ఉంది" అన్నాడు. ఆ వెంటనే లేచి, "పద, ఏలూరు పోదాం. వాడెవడోగాని నీకంటే నయం. నోరు విప్పి చెప్పాడు" అన్నాడు.

కళ్ళలో శుక్లాలని డాక్టరు తేల్చారు. ఆపరేషను తరువాత నాన్నకు అద్దాలతో చూపు వచ్చింది. సెలవులు కాగానే నేను కాలేజీకి తిరిగి వెళ్ళాను, పట్టా పుచ్చుకున్నాను.

కల అందామంటే, కల నాకు రావాలి గాని మాస్టారు దంపతులిద్దరికీ ఒకేసారి ఎలా వస్తుంది? వేరొకడు వచ్చాడందామంటే, నేను ఎవరికీ చెప్పని మాట వాడికి ఎలా తెలుస్తుంది? మాస్టారు అబద్ధమాడే మనిషి కారు. నాన్నా కాడు. ఎన్నేళ్ళు ఆలోచించినా నాకు సమాధానం దొరకలేదు.

పట్టా పుచ్చుకున్న రోజున ధైర్యం చేసి, ఆ ఆదివారం నేను ఇంకా ఏమేమి చెప్పానో చెప్పమని మాస్టారిని అడిగాను. ఆయన నా భుజం తట్టి, "చాలా చెప్పావు. కళ్ళ సంగతి అందులో సగం కూడా కాదు. మిగతాది నేనెవరికీ చెప్పనని నీకు మాటిచ్చానుగా" అన్నారు.

ఆ మాటను ఆయన చివరిదాకా నిలబెట్టుకున్నారు.