మాస్టారు కట్టిన నెట్టు

టెక్కలిలో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్క మైదానంలోంచి అరచెయ్యి వాలీబాల్ బంతిని చరిచిన చప్పుడు వినిపించింది. చూడకుండానే చెప్పగలను, అది మంచి సర్వీసు. వెంటనే చిన్నయ్య మాస్టారు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

ఆయన మా హైస్కూల్లో ఆటల మాస్టారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం ఊరవతలికి వినిపించేది. పదో తరగతిలో నన్ను వాలీబాల్ జట్టుకి కెప్టెన్‌ని చేశారు. తర్వాత మా ఊళ్లోనే మేనబావతో పెళ్లయి, ఆట ఆగిపోయింది. ఇరవై ఏళ్లపాటు కొబ్బరి, జీడి తోటే నా లోకం. అంతలో పోర్టు కోసం ఊరు ఖాళీ చేయాల్సి వచ్చింది. కొత్త కాలనీలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరినీ కలిపి చీటీలు తీసి ఇళ్లు పంచితే, మా వీధివాళ్లం తలో మూలకీ చెదిరిపోయాం. రెండు నెలలైనా నేను సామాన్ల మూటలు విప్పలేదు. చేయడానికి పనిలేక పొద్దస్తమానం గుమ్మంలో కూర్చునేదాన్ని. పక్కింటావిడ పేరేమిటో కూడా తెలుసుకోలేదు.

ఒక సాయంత్రం మాస్టారు రెండు సరుగుడు వాసాలు భుజాన వేసుకొచ్చి, మా ఎదుటి ఖాళీ స్థలంలో గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. అప్పటికే రిటైరయ్యారు, ఆయనకీ ఆ కాలనీలోనే ఇల్లొచ్చింది.

"ఏటి సూత్తన్నావే గౌరీ? రా, ఈ వాసం పట్టుకో."

"ఏటి కడతన్నారు మాస్టారూ?"

"నెట్టు. భావనపాడు జాలర్లని పాత వల అడిగి తెచ్చాను. సేపలెలాగూ పడవు, మడుసులు పడతారేమో సూద్దాం."

వాసం పట్టుకున్నందుకు బంతి కూడా నా చేతికే ఇచ్చారు. కొంగు బిగించి కొట్టాను. ఇరవై ఏళ్ల తర్వాత నా మొదటి సర్వీసు నెట్టూ దాటింది, రోడ్డూ దాటింది, పక్కింటావిడ అరుగు మీద ఆరబెట్టిన వడియాల్లో పడింది. నేను ఇంట్లోకి పారిపోబోతుంటే మాస్టారు అడ్డం నిలబడ్డారు. "కొట్టింది నువ్వు. నువ్వే ఎల్లి అడుగు."

ఆవిడ బంతిని చంకలో ఇరికించుకుని నిలబడింది. "పొద్దున్నుంచీ నడుం ఇరిగేలా పెట్టానమ్మా!"

"తప్పయిపోయిందక్కా. రేపు పిండి రుబ్బి నేనే తెత్తాను."

"రుబ్బడం వొచ్చా, కొట్టడమేనా?" అంటూనే ఆవిడకి నవ్వొచ్చేసింది. పేరు నీలవేణి అని చెప్పింది. మర్నాడు పిండి పట్టుకెళ్లాను. సాయంత్రం ఆటకి ఆవిడే ముందుగా వచ్చింది.

వారం తిరక్కుండా ఎనిమిదిమంది ఆడవాళ్లం అయ్యాం. ఒకే ఊరివాళ్లంతా ఒక జట్టుగా ఆడితే మాస్టారు ఒప్పుకునేవారు కాదు. నన్ను తిట్టడానికని వచ్చిన మా అత్తగారు, "బంతి గీత దాటలేదు, నా కళ్లతో సూశాను" అని తగవులో దూరి, ఆ రోజు నుంచి పాయింట్లు చెప్పే పని తనే తీసుకున్నారు. కోడలి జట్టుకి ఆవిడ దగ్గర ఎప్పుడూ ఒక పాయింటు ఎక్కువే.

అయినా ఒకరోజు, గాలిలో ఎక్కడినుంచో జీడిపూత వాసనొచ్చి, ఆట మధ్యలో నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "నాకు నా తోట కావాలి మాస్టారూ. ఈ ఆటలు నాకెందుకు?" అంటూ నేల మీద కూలబడ్డాను.

ఆయన నన్ను ఓదార్చలేదు. పక్కనే చతికిలబడ్డారు. "నాకూ మన బడి కావాలనే ఉందే. అప్పుడప్పుడు సైకిలేసుకుని ఆ దారంట ఎల్లొత్తాను." బంతిని ఒళ్లోకి తీసుకుని అడిగారు, "తోటలో నీకు బాగా ఇష్టమైందేటి, సెప్పు?"

చెప్పడం మొదలుపెట్టాను. జీడిపిక్కలు ఏరుతూ మా పాత వీధి సూరమ్మ తీసే కూనిరాగాలు, నీడలో అందరం పంచుకునే చద్దన్నం, కబుర్లు, కీచులాటలు. చెబుతూ ఉంటే, ప్రతి మాటలోనూ మనుషులే వస్తున్నారని నాకే అర్థమైంది. ఆ సూరమ్మ ఇదే కాలనీలో, చివరి వీధిలో ఉంది. నేను ఒక్కసారీ వెళ్లలేదు. అప్పటికప్పుడే లేచి వెళ్లాను.

"ఇన్నాళ్లకి గేపకం వొచ్చానేటే?" అని కసిరి, పొయ్యి మీది కూర దించేసి నాతో నడిచొచ్చింది. ఆ రాత్రే మూటలన్నీ విప్పేశాను. తోట పోయిన బాధ తగ్గిందని చెప్పను. దాన్ని పంచుకునే మనుషులు మాత్రం మళ్లీ దొరికారు.

మోకాళ్లు సహకరించక మాస్టారు పోయినేడాది సోంపేటలో కూతురింటికి వెళ్లిపోయారు. ఫోను చేస్తే ముందడిగేది నా క్షేమం కాదు, "ఎంతమంది వత్తన్నారు?" అనే. పదకొండు మంది అంటే, "పన్నెండోది ఎవరింట్లో కూకుందో సూడు" అంటారు. ఆ చూపు నాకు అలవాటైపోయింది. నలుగురు చేరిన ఏ చోటికెళ్లినా, అక్కడికి రానివాళ్లెవరా అని వెతుక్కుంటాను.

మొన్న మా వీధి చివర నందిగాం నుంచి కొత్త కోడలు దిగింది. మూడు రోజులు గమనించి, నాలుగో రోజు తలుపు తట్టాను.

"నాకు ఆట రాదండీ," అంది బెరుగ్గా.

"మాలో సగంమందికి ఇప్పటికీ రాదమ్మా. ముందు నువ్వు రా," అన్నాను.

ఆ అమ్మాయి చెప్పులు తొడుక్కుంది.