మూడంగుళాల తేడా

ఎవరి కొలత తీసుకున్నా ఆమె రెండుసార్లు తీసుకుంటుంది. నడుము చుట్టూ టేపు కుడి నుంచి తిప్పి అంకె చూస్తుంది. ఎడమ నుంచి తిప్పి మళ్ళీ చూస్తుంది. రెండూ కలిస్తేనే పుస్తకంలో రాస్తుంది. వీధిలో ఆమెను కొలతలమ్మ అంటారు. తన నీడనైనా రెండుసార్లు కొలిచిగాని వెంట రానివ్వదని మొగుడు అనేవాడు.

అతను కటింగ్ మాస్టరు. ఇరవై రెండేళ్ళు ఒకే కొట్లో ఆమె కొలిచింది, అతను కత్తిరించాడు, ఇద్దరూ కుట్టారు. ఆమె రాసిన అంకెను అతను గుడ్డ మీద సుద్దతో మార్చడం ఒకరోజు ఆమె కంట పడింది. అడిగితే, "అది నా పని, నాకొదిలెయ్," అన్నాడు. ఆ మాట దగ్గర మొదలైంది. ఆ తర్వాత అతను ఎవరితో మాట్లాడినా, ఏ జేబులో చెయ్యి పెట్టినా ఆమెకు అనుమానమే. చివరికి ఇద్దరూ కోర్టు మెట్లెక్కారు.

విడాకులకు పేచీ లేదు. మిగిలింది కొట్టు. అతను రాజీపత్రం పంపాడు. కొట్టు, మిషన్లు, బల్ల, కొలతల పుస్తకాలు, అన్నీ ఆమెకే. తను ఏదో బట్టల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడట.

"సంతకం పెట్టెయ్యమ్మా," అంది ఆమె తరఫు లాయరమ్మ. "పోరాడితే వచ్చేది సగం. ఆయన మొత్తం ఇస్తున్నాడు."

"అదే నా భయం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈయన అడక్కుండానే వడ్డిస్తున్నాడంటే కంచం కింద ఏదో ఉంది."

"ఇప్పుడు కాదంటే కేసు విచారణకు పోతుంది. ఈలోగా ఆయన మనసు మారిందనుకో, కొట్టు అమ్మి చెరిసగం చెయ్యమంటాడు."

ఆమెకు ఆ కొట్టు తప్ప మరో బతుకుతెరువు లేదు. అయినా సంతకం పెట్టలేదు. ఆ సాయంత్రం కొట్టు తలుపేసుకుని నేల మీద మోకాళ్ళూని టేపు పరిచింది. పత్రంలో పొడవు పధ్నాలుగు అడుగులని ఉంది. దాదాపు మూడంగుళాలు తక్కువ వచ్చింది. ఎదుటి గోడ నుంచి కొలిచింది. మళ్ళీ అంతే. కిందటేడు తను అక్క ఇంట్లో ఉన్న వారంలో అతను ఆ గోడకు కొత్త పూత పూయించాడు. గోడకు అవతలి కొట్టు అతని చిన్ననాటి స్నేహితుడిది. ఆమెకు అంతా అతికినట్టు సరిపోయింది.

గోడ లోపలికి జరిపించాడని మర్నాడు కోర్టులో అభ్యంతరం రాసిచ్చింది. జడ్జి రాజీని ఒక్కరోజు వాయిదా వేశాడు. ఆ సాయంత్రానికల్లా కొట్టు కొలిచి నివేదిక ఇమ్మని ఒక పెద్ద వయసు లాయరును కమిషనరుగా పంపాడు.

కమిషనరు ఇనుప టేపు తెచ్చాడు, వెంట మొగుడూ వచ్చాడు. పధ్నాలుగు అడుగులు. వెంట్రుకవాసి తేడా లేదు.

"రెండోసారి కొలవండి," అంది ఆమె.

"మూడోసారీ కొలుస్తానమ్మా. గోడ ఎక్కడికీ పోదు."

కొలిచాడు. అదే. అప్పుడాయన ఆమె మెడలోని గుడ్డ టేపు అడిగి తీసుకుని, బల్ల మీద తన టేపు పక్కన పరిచాడు. ఆమె అరవై అంగుళాలు ఆయన అరవై ఒకటి దాకా వచ్చాయి.

"సాగిపోయిందమ్మా ఇది. ఎన్నేళ్ళ నాటిది?"

ఆమె బల్లకు అటు పక్క నిలబడ్డ మొగుణ్ణి చూసింది.

"నీకు తెలుసు."

"ఆరేళ్ళ నుంచి," అన్నాడు అతను. "నువ్వు ముప్పై రాస్తే నేను ముప్పైన్నర కోసేవాణ్ణి. లేకపోతే ఈ వీధిలో ఒక్కడికీ ఊపిరాడేది కాదు."

కమిషనరు కాగితంలోకి తల దించుకున్నాడు.

"కొత్తది కొనొచ్చుగా."

"కొన్నాను. ఇందులో ఏదో మతలబుందని కిటికీలోంచి విసిరేశావు."

విసిరిన మాట నిజమే. ఆమె కుర్చీలో కూర్చుంది. ఎదురుగా అరలో కొలతల పుస్తకాలు. పాత ఖాతాదారులు గుడ్డ పంపుతారే గాని మళ్ళీ కొలతలివ్వరు. పుస్తకం చూసి కుట్టాల్సిందే. అందులో ఆరేళ్ళ అంకెలన్నీ తప్పు. ఏ ఏడు టేపు ఎంత సాగిందో, ఎవరికి ఎంత కలపాలో అతనొక్కడికే తెలుసు. అతను వెళ్ళిన నెలకే బిగిసిన చొక్కాలన్నీ కొట్టుకు తిరిగొస్తాయి. కంచం కింద ఉన్నది ఇదేనా? తెలిసే ఇచ్చాడా, తెలియకిచ్చాడా? అతని మొహంలో ఆమెకేమీ దొరకలేదు.

మర్నాడు ఉదయం కోర్టు తలుపులు తియ్యకముందే ఆమె నాలుగు పుస్తకాలు సంచిలో వేసుకొచ్చి వరండా బెంచీ మీద కూర్చుంది. అతను రాగానే పక్కన చోటు చూపించి పెన్సిలు చేతికిచ్చింది.

"ఎవరికెంత కలిపావో రాయి. రాశాకే సంతకం."

అతను రాస్తున్నాడు. ప్రతి అంకె కిందా ఆమె వేలు నడుస్తోంది.

"ఈ పోస్టుమాస్టరుకి రెండంగుళాలేంటి? టేపు వల్ల వచ్చే తేడా అరంగుళమేగా."

"మిగతా ఒకటిన్నర ఆయనే సాగాడు. రిటైరయ్యాడుగా."

"నువ్వెప్పుడు చూశావు?"

"మొన్న, బస్సులో."

ఆమె అతని మొహం కాసేపు చూసి, ఆ అంకె పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.

బంట్రోతు బయటికొచ్చి వాళ్ళ కేసు నంబరు పిలిచాడు. లాయరమ్మ వరండాలోకి పరుగున వచ్చింది.

ఆమె పేజీ తిప్పింది.

"మధ్యాహ్నానికి వాయిదా అడగండి," అంది. "ఇంకా మూడు పుస్తకాలున్నాయి."