మొవ్వు మీద మట్టి

నా చెయ్యి మంచిదని మా ఊరు చిన్న మంగళారంలో నాకో పేరుండేది. నేను నాటిన టమాట నారు వాలిపోదని, మిరప నారు చావదని ఇరుగుపొరుగు అనేవారు. వాళ్లు ఒకసారి అంటే నేను పదిసార్లు విన్నంత మురిసిపోయేదాన్ని. మా అమ్మ నేర్పిన పద్ధతి అది. మొక్కను లోతుగా పెట్టాలి, మెడ దాకా మట్టి ఎగదోయాలి, బొటనవేళ్లతో గట్టిగా అదమాలి. టమాటకు అది సరైన పద్ధతే, మట్టిలో మునిగిన కాండానికి కూడా వేళ్లు పుడతాయి. చిక్కేమిటంటే, భూమ్మీద మొలిచే ప్రతిదానికీ అదే ధర్మం అనుకున్నాను.

అప్పటికే మొయినాబాద్ చుట్టుపక్కల ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌస్‌లు లేస్తున్నాయి. పెళ్లి వేదికల వెనక కట్టే పెద్ద పెద్ద జెర్బెరా పూలు వాటిలోనే పూస్తాయి. మా చేలో కూడా ఒకటి వేద్దామని పట్టుబట్టింది నేనే. మా ఆయన జంకాడు.

"మనకు తెల్వని పంట. జర ఆగుదం."

"తెల్వకుంటె తెలుసుకుంట. గిది నా పంట, నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాను.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన ఊరుకున్నాడు. ఆ పంట గనక నిలబడితే, మా ఇంట్లో ఏది ఎప్పుడు వేయాలో ఇక నేనే చెప్పవచ్చని నాకు లోపల ఆశ ఉండేది.

చేవెళ్ల దగ్గరి నర్సరీ నుంచి ట్రేలలో మొక్కలు వచ్చాయి. తెచ్చినతను ఒక మొక్కను చేతిలో పట్టుకుని చూపించాడు. ఆకులన్నీ కలిసేచోట నడిమధ్యన లేత చిగురు ఉంటుంది, దాన్నే మొవ్వు అంటాం. "అక్కా, మొవ్వు మట్టి మీదికి ఉండాలె. మునిగిందంటె కుళ్లుతది" అన్నాడు. తలూపాను. మొక్క పెట్టడం నాకొకరు చెప్పాలా అని లోపల నవ్వుకుంటూనే తలూపాను, అందుకే ఆ మాట ఈ చెవిన పడి ఆ చెవిన పోయింది.

నాటడానికి మా పక్కనున్న ప్రొద్దుటూరు అనే పల్లె నుంచి ఆటోలో ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. అందరిలోకి పెద్దది ఒక అవ్వ. మొయినాబాద్ వైపు పాలీహౌస్‌లలో ఆమె నాలుగైదేళ్లు పనిచేసిందని నాకు తర్వాత తెలిసింది. అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది. ఆమె నాటిన రెండు మట్టి బెడ్లు చూడగానే నాకు ఒళ్లు మండింది. మొక్కలన్నీ పైపైన ఉన్నాయి, చేత్తో తాకితే ఊగుతున్నాయి.

"ఏందవ్వా గిది? మొక్కలు నాటుతున్నవా, దేవునికి పూలు వెడ్తున్నవా?"

"గివి గిట్లనే వెట్టాలె బిడ్డా. మొవ్వు మునగొద్దు."

"నీళ్లు ఇడిస్తె అన్ని పడిపోతయ్."

"రెండు దినాలు ఊగుతయ్, మల్ల నిలవడ్తయ్. నేను చేసిన పనే గదా."

"రైతును నేనా, నువ్వా? చెప్పినట్లు చేస్తె చెయ్యి, లేకుంటె పో. నీ అసుంటి పనిదొంగలు నాకొద్దు."

కూలి చేసుకుని బతికే మనిషిని అంతకన్నా పెద్ద తిట్టు తిట్టలేం. మిగతా ఐదుగురూ తలలు వంచుకున్నారు. అవ్వ చేతికంటిన మట్టి దులుపుకుని, సద్ది గిన్నె తీసుకుని బయటికి నడిచింది. ఆటో సాయంత్రం గానీ రాదు. పొద్దంతా గేటు పక్కన నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుంది. నేను రెండు మూడుసార్లు అటువైపు తిరిగాను. మంచినీళ్లు తాగుతావా అని కూడా అడగలేదు. కోపం దిగిపోయాక కూడా అడగలేదు, ఇప్పటికీ నన్ను గుచ్చేది అదే.

తక్కినవాళ్లు నేను చెప్పినట్టే మెడ దాకా మట్టి ఎగదోశారు. అవ్వ నాటిన రెండు బెడ్లలో ఒకదాన్ని నేనే కూర్చుని 'సరిచేశాను'. రెండోది మొదలుపెట్టేసరికి ఆటో హారన్ కొట్టింది. రేపు చూద్దాంలే అని లేచాను. తర్వాత వేరే పనులు మీదపడి ఆ బెడ్డు అలాగే ఉండిపోయింది.

మూడో వారంలో ఆకులు వాడడం మొదలైంది. నీళ్లు చాలడం లేదేమోనని డ్రిప్పు ఇంకాసేపు వదిలాను. చచ్చేవాటిని తొందరగా చంపానన్నమాట. ఒక మొక్కను పట్టుకుంటే మొదలు తెగి చేతిలోకి వచ్చేసింది. అడుగున నల్లగా, మెత్తగా ఉంది, కుళ్లు వాసన కొట్టింది. నర్సరీ అతనికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. రోగం మొక్కలు అంటగట్టాడన్నాను. పాపం, అతను ఎదురుమాట అనకుండా బండి మీద వచ్చాడు. బెడ్డు పక్కన గొంతుక్కూర్చుని మట్టిలోకి వేలు దింపాడు. సగం వేలు దిగాక గానీ మొవ్వు తగల్లేదు. పక్క బెడ్డు, ఆ పక్క బెడ్డు, అన్నీ అంతే. చివరికి వెళ్లి ఆగాడు. అక్కడ ఒక్క బెడ్డు మాత్రం పచ్చగా కళకళలాడుతోంది.

"గిది ఎవరు వెట్టిండ్రక్కా?"

మా ఆయన నా వైపు చూశాడు. "ఒక అవ్వ" అన్నాను.

ఇప్పుడు మా జెర్బెరా చూడడానికి మోకిల వైపు నుంచి కూడా రైతులు వస్తుంటారు. ఓడిపోతేనే మనిషి నేర్చుకుంటాడు కదా అని వాళ్లే అంటారు. నేను అవునని వెంటనే అనలేను. పంట పోయాక చాలా రోజులు నేను నేర్చుకున్నదేమీ లేదు. ముందు బోరు నీళ్లను అన్నాను, తర్వాత ప్లాస్టిక్ కప్పును అన్నాను. మొవ్వు మునిగిందని కళ్లారా చూశాక కూడా, సరిగా విడమరిచి చెప్పలేదని ఆ నర్సరీ అతన్నే తప్పుపట్టాను. మనిషికి తన తప్పు తప్ప అన్నీ కనిపిస్తాయి. కుళ్లిన మొక్కలు గంపలకెత్తి బయట పోస్తుంటే ఏడుపొచ్చింది. మా ఆయన మాత్రం "మల్ల వెడ్దం తియ్" అని ఊరుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి తిట్టి మనసు తేలిక చేసుకునేదాన్ని.

మళ్లీ పెట్టాలంటే అవ్వ కావాలి. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. మట్టి కనిపిస్తే చాలు, బొటనవేళ్లు వాటంతట అవే అదమడానికి పోతాయి. అంతకన్నా ముఖ్యంగా, అన్న మాట వెనక్కి తీసుకోకుండా ఆ పాలీహౌస్‌లో అడుగుపెట్టబుద్ధి కాలేదు. అయినా నా పొగరు చూడండి, ముందు ఆటో నడిపే అతనితో కబురు పంపాను, పని ఉంది రమ్మని. మర్నాడు అతను నవ్వుతూ జవాబు తెచ్చాడు. "పనికేం కరువు లేదని చెప్పమన్నదక్కా."

ఇక నేనే ప్రొద్దుటూరు పోయాను. అవ్వ వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి లేవలేదు, మొహం తిప్పుకోనూ లేదు. కోడలిని కేకేసి నాకు నీళ్లిప్పించింది. చెంబు చేతిలో పట్టుకునే మాట్లాడాను.

"అవ్వా, మొక్కలన్ని పోయినయ్. నువ్వు వెట్టిన ఒక్క బెడ్డే బతికింది. తప్పు నాదే. నిన్ను అట్ల అనొద్దుండె."

ఆమె చేతులు ఆగలేదు. "మునిగినయ్ ఎట్ల బతుకుతయ్ బిడ్డా?" అంది. ఇంకో గింజ తీసి పడేసి మళ్లీ తనే అంది. "ఈడికొచ్చి నా ఒక్కదానికి చెప్తె ఏం ఫాయిదా? పనిదొంగ అన్ననాడు అయిదుగురు ఇన్నరు. ఆ మాట నాకన్న ముందు ఊర్లకొచ్చింది. రెండు తావుల నన్ను పనికి పిలువలే."

ఈ సంగతి నేను ఊహించనైనా లేదు. నా పంట పోయిందని ఇన్ని రోజులూ నేను ఏడుస్తూ కూర్చున్నాను. నా నోటివల్ల ఈమెకు పని పోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. చెయ్యి మంచిదన్న పేరు చూసుకునే మురిసిపోయాను గానీ, నా నోటికేం పేరుందో ఎన్నడూ ఆలోచించలేదు.

"ఏం జెయ్యమంటవ్ అవ్వా?"

"పొద్దుగాల ఆటో కాడికి రా. అందరుంటరు."

మర్నాడు పొద్దున్నే ఆటోలు ఆగే చోటికి వెళ్లాను. పదిహేను, ఇరవై మంది ఆడవాళ్లు సద్ది గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. ఆ రోజు మా చేనుకొచ్చిన ఐదుగురూ వాళ్లలో ఉన్నారు. అవ్వ నా వైపు చూడకుండా కొంగు సర్దుకుంటోంది. బజారులో గానీ బస్సులో గానీ ఎన్నడూ గొంతు తగ్గించి ఎరగను. ఆ పొద్దు మాత్రం మాట చిన్నగా వచ్చింది.

"మా మొక్కలు నా మొండితనం తోటి సచ్చినయ్" అన్నాను. "అవ్వ మంచిగనే వెట్టింది. నేనే ఇనలే. ఆమెను పనిదొంగ అన్న, అది అబద్ధం."

పక్కనే ఆటో ఇంజను చప్పుడు చేస్తోంది. అప్పుడు అవ్వ తలెత్తి నన్ను చూసింది.

"జర గట్టిగ చెప్పు బిడ్డా. ఎనకున్నోళ్లకు ఇనవడలే."

గట్టిగా చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అవ్వ సద్ది గిన్నె ఒళ్లో పెట్టుకుని మా చేను వైపు పోయే ఆటోలో కూర్చుంది, కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.