మూసిన ఇంట్లో ఖాసింబీ పిన్ని

కొత్త పెయింటు వాసన తగిలితే మిగతావాళ్ళకి పండగ గుర్తొస్తుందేమో గానీ నాకు అనుమానం వస్తుంది. పోయిన ఆదివారం తెనాలిలో ఒక ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. మా స్కూల్లో సైన్సు చెప్పే అమ్మాయి కొనాలనుకుంటున్న ఇల్లది. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ వాసన. హాలూ వంటిల్లూ పాత రంగులోనే ఉన్నాయి. లోపలి గదిలో ఒక్క గోడకి మాత్రం నిన్నో మొన్నో వేసిన లేత పసుపు. ఇంటాయన ఫ్యాను కూడా వెయ్యకుండానే గాలి ఎంత బాగా వస్తుందో వర్ణిస్తున్నాడు. నేను తిన్నగా ఆ గోడ దగ్గరికి పోయి మోకాలి ఎత్తులో అరచెయ్యి ఆనించాను. తర్వాత కొంచెం పైన. మరికొంచెం పైన, మనిషి కూర్చుంటే తల తగిలే ఎత్తులో, నా చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఏమీ లేదు. “ఏంటి మేడమ్, చెమ్మా?” అంది ఆ సైన్సు అమ్మాయి. “ఒక్క గోడకే రంగు ఎందుకేశారో ఆయన్ని అడుగు” అన్నాను. ఆ ప్రశ్న నా సొంతం కాదు. బాపట్లలో మా పక్కింట్లో ఉండే ఖాసింబీ పిన్నిది.

పిన్ని భర్త తాపీ మేస్త్రి. ఆయన వెంట ఇసకా సున్నం మోసీ మోసీ ఆవిడకి ఇళ్ళ గుట్టంతా తెలిసిపోయింది. ఆయన పోయాక ఆవిడకి ఊళ్ళో ఒక చిత్రమైన పని దొరికింది. మావాళ్ళలో ఒక పట్టింపు ఉంది కదా, ధనిష్ఠలాంటి నక్షత్రంలో ఎవరైనా పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసేసి అందరూ బయటికి పోవాలని. అలా మూసిన ఇళ్ళ తాళాలన్నీ ఖాసింబీ పిన్ని నడుముకి వేలాడేవి. రోజూ మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే ఆ ఇళ్ళలోకి వెళ్ళి, కిటికీలు తెరిచి, ఊడ్చి, సాయంత్రానికి మళ్ళీ మూసి వచ్చేది. మనిషి మరీ పొట్టి, నా భుజం దాకా కూడా రాదు. కిటికీ పై గడియలు అందక చేతికర్రతో పొడిచి తీసేది. “భయం వెయ్యదా పిన్నీ?” అని అడిగితే, “నక్షత్రం మీది టీచరమ్మా. నాకూ లేదు, ఇంటికీ లేదు” అనేది. నేను లెక్కల టీచర్ని, ఇలాంటివి నమ్మను అని గొప్పలు పోయేదాన్ని. ఆ ఇళ్ళ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే మాత్రం అవతలి వైపు నుంచి నడిచేదాన్ని.

ఇల్లు మూసేది మనుషులకే గానీ గాలికి కాదని ఆవిడ వాదన. ఎదురెదురుగా రెండు కిటికీలు రోజూ గంటసేపు తెరవాలి. స్నానాలగది తూములో రోజూ చెంబెడు నీళ్ళు పొయ్యాలి, లేకపోతే లోపలి నీళ్ళు ఎండిపోయి మురుగు వాసనా బొద్దింకలూ పైకి వస్తాయి. ద్వారబంధాల వెనక వేలు పెట్టి తడిమి చూడాలి, చెదలు ముందు అక్కడే మట్టి కడతాయి. బాపట్ల నేల ఉప్పునేల కాబట్టి గోడ అడుగున తెల్లగా బూజులాగా తేలితే గీకి నాలిక మీద వేసుకునేది. ఉప్పగా ఉంటే పైన ఎన్ని రంగులు వేసినా దండగే అనేది. ఇల్లు కొనేవాళ్ళకి ఆవిడ చెప్పే మాటలు రెండే. వానలో ఒకసారి వెళ్ళి చూడండి. ఇంటాయన్ని కాదు, పక్కింటావిడని అడగండి.

ఈ పాఠాలు నా ఇంటికే అవసరమవుతాయని అనుకోలేదు. నాన్న లేడు, నేను పెళ్ళి చేసుకోలేదు, ఆ ఇంట్లో అమ్మా నేనే. అమ్మ జారిపడి నడుం ఎముక విరిగాక రెండేళ్ళు మంచం మీదే ఉంది. ముందుగదిలో గోడవారగా మంచం వేయించాను. ఎదురుగా కిటికీ, కిటికీలోంచి వీధి గేటు. కానీ పడుకున్న మనిషికి కిటికీలోంచి ఆకాశం ముక్క తప్ప ఏం కనపడుతుంది? “ఒక్కసారి కూర్చోబెట్టవే, నువ్వొచ్చేది చూస్తాను” అనేది రోజూ. లేవదీస్తే ఎముక పట్టు తప్పుతుందన్నాడు డాక్టరు. “కుదరదమ్మా, పడుకో” అనేదాన్ని. మొదట్లో మెల్లగా చెప్పాను, పోనుపోను విసుక్కున్నాను, చివరి నెలల్లో అరిచాను. రెండేళ్ళలో ఒక్కసారైనా కూర్చోబెట్టలేదు. నేను స్కూల్లో ఉన్న ఒక మధ్యాహ్నం, పిన్ని పక్కన ఉండగా అమ్మ పోయింది. పంతులుగారు వేళ్ళు లెక్కపెట్టి ధనిష్ఠ అన్నాడు. పెద్దకర్మ అయిన మర్నాడు నేనే తాళం వేశాను. వేసేముందు ఆ గదిని కళ్ళారా చూశాను. ఖాళీ మంచం, వెనక తెల్లటి గోడ, దాని మీద ఒక్క మచ్చ లేదు. తాళంచెవి పిన్ని చేతిలో పెట్టి, తెనాలిలో ఒక గది అద్దెకి తీసుకున్నాను.

ప్రతి ఆదివారం రైలెక్కి బాపట్ల వచ్చేదాన్ని. నమ్మకం లేదంటూనే గడప దాటేదాన్ని కాదు. గేటు పక్కన సిమెంటు తిన్నె మీద కూర్చుంటే పిన్ని లోపలికి వెళ్ళి అక్కడి నుంచే కబుర్లు చెప్పేది. “వంటింట్లో అంతా బాగుంది!” “పెరటి తలుపు చెక్క ఉబ్బింది!” మండుటెండలో, వీధిలో ఒక్క మనిషి లేని వేళ, నా ఇంట్లోంచి ఇంకొకరి గొంతు అలా వస్తుంటే నా ఇల్లు నాదేనా అనిపించేది. ముందుగదిలోకి వెళ్ళాక మాత్రం ఆ గొంతు తగ్గిపోయేది. “ఇవాళ ఎలా ఉంది?” అని మెల్లగా వినపడేది. తర్వాత ఎవరైనా జవాబు చెప్పడానికి పట్టేంతసేపు నిశ్శబ్దం. తర్వాత “ఊఁ” అనేది పిన్ని.

బయటికి వచ్చాక అడిగాను. “ఎవరితో పిన్నీ మాట్లాడుతున్నావు?”

“ఎవరున్నారమ్మా? ఖాళీ కొంపలో చప్పుడు చేసుకుంటూ తిరగాలి. ఎలకలూ పాములూ ఉంటే తప్పుకుంటాయి.”

“ఊఁ అన్నావు కదా?”

“పాముకి ఊఁ అనకూడదా ఏంటి?” అని నవ్వేసింది. నేనూ నవ్వాను గానీ, తెనాలి చేరేదాకా ఆ నిశ్శబ్దం నా చెవుల్లోనే ఉంది.

నాలుగో నెలలో ఒక ఆదివారం ఆవిడ ముందుగదిలోకి వెళ్ళి చాలాసేపు పలకలేదు. నేను రెండుసార్లు పిలిచాను. చివరికి కిటికీ దగ్గరికి వచ్చి, ఊచల్లోంచి నా వంక చూసి, “గోడ మీద మరకలాంటిది పడింది. చెమ్మేమోలే” అంది. అంతకుమించి చెప్పలేదు. ఆరు నెలలూ నిండి, శాంతి చేయించి లోపలికి వెళ్ళిన రోజున నేనే చూశాను. మంచం పైన, గోడ మీద, అరచెయ్యంత గుండ్రటి జిడ్డుమరక. ఏళ్ళ తరబడి ఒకేచోట తల ఆనించి కూర్చునేవాళ్ళ వెనక గోడకి పడే నూనె మరక అది. చూస్తే ఎవరైనా చెప్పగలరు. చెమ్మ అయితే కిందినుంచి ఎక్కాలి, దాని కింద గోడంతా ఎండిపోయి ఉంది. ముక్కు దగ్గరగా పెడితే కొబ్బరినూనె వాసన. నేను మంచం అంచున కూర్చుని గోడకి జారబడబోయి, ఏదో తోచి ఆగాను. అక్కడి నుంచి కిటికీలో సరిగ్గా గేటూ, నేను ఆరు నెలలు కూర్చున్న తిన్నే కనపడుతున్నాయి. ఏడవాలో పారిపోవాలో తెలియలేదు.

ఇల్లు అమ్మేస్తానన్నాను. ఆ గదిలో ఇంకొక్క పూట కూడా ఉండలేననిపించింది. బ్రోకరు వచ్చి, “పుట్టీ పెట్టి రంగు రెండు కోట్లు కొట్టిద్దామండి. ఇల్లు మూశారన్న మాట ఎత్తకండి, ఎవరూ కొనరు” అన్నాడు. రెండు కోట్లకి మరక పోలేదు, మూడోదీ వేయించాను. పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది.

“దాచి అమ్మకు టీచరమ్మా. ఇంటి సంగతి కొనేవాళ్ళకి ఎప్పటికైనా తెలుస్తుంది. ఆ రోజు వాళ్ళు ఆ ఇంట్లో బిక్కుబిక్కుమంటూ బతకాలి.”

“నీకేం పిన్నీ, ఎన్నైనా చెబుతావు. ఈ కొంప వదిలించుకోకపోతే నాకు పిచ్చెక్కుతుంది” అని కసిరాను. ఆవిడ మీద గొంతెత్తడం అదే మొదలు. పిన్ని కర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

రేపల్లె నుంచి ఒక జంట వచ్చారు. అతనికి బాపట్లలో ఉద్యోగం, ఆ పిల్లకి ఏడో నెల. ఇల్లంతా తిరిగి అలిసిపోయి ఆ అమ్మాయి ముందుగదిలో మంచం మీద కూర్చుంది. వద్దనేలోపు గోడకి తల ఆనించేసింది. సరిగ్గా అక్కడే. కళ్ళు మూసుకుని, “ఈ గోడ వెచ్చగా ఉందండీ. వెనక వంటిల్లా?” అంది. వెనక ఉన్నది సామాన్ల గది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగి ఏడు నెలలయింది. “ఇక్కడ ఎవరు ఉండేవారండీ?” అని మళ్ళీ అడిగింది. బ్రోకరు నా వంక గుడ్లురిమాడు. పిన్ని అప్పటికే వచ్చి గుమ్మం అవతల నిలబడి ఉంది. నా వంక చూడకుండా నేల చూస్తోంది. ఆ అమ్మాయి పొట్టమీద చెయ్యి వేసుకుని నా మొహంలోకి చూస్తోంది. నా వల్ల కాలేదు. అమ్మ సంగతి, నక్షత్రం సంగతి, ఆరు నెలలు, మూడు కోట్ల కింద ఉన్న మరక, అన్నీ చెప్పేశాను. అతను లేచి పెళ్ళాం చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. బ్రోకరు వాళ్ళ వెనకే వెళ్ళాడు, నన్ను తిట్టుకుంటూ.

నేను మంచం మీద కూలబడ్డాను. “అమ్మ కూర్చుంది పిన్నీ” అన్నాను. “నేను కూర్చోబెట్టలేదని తనే లేచి కూర్చుంది. ప్రతి ఆదివారం నన్ను చూసింది. నేను లోపలికి కూడా రాలేదు.” పిన్ని నా పక్కన కూర్చుని నా తల తన ఒళ్ళోకి లాక్కుంది.

“పిచ్చిదానా. ఆ మరక నాది.”

“నీదా?”

“రోజూ ఊడ్చాక ఇక్కడే గంటసేపు గోడకి జారబడి కూర్చునేదాన్ని. ఇంటికి మనిషి వేడి తగలాలి. తలకి ఇంత నూనె రాస్తాను కదా, అంటుకుంది. నువ్వేమనుకుంటావోనని చెమ్మని చెప్పాను. మీ అమ్మ నా ముందే హాయిగా పోయింది. మళ్ళీ లేవడానికి ఆవిడకి ఏం పని?”

గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఎన్ని నెలల తర్వాతో ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

రెండు నెలలకి ఆ రేపల్లె అమ్మాయే ఫోను చేసింది. పది ఇళ్ళు చూశాం, ఎవరూ ఏమీ చెప్పలేదండీ, మీరొక్కరే చెప్పారు, ఆ ఇల్లే తీసుకుంటాం అంది. మరక మా పక్కింటి పిన్నిదని అప్పుడే చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. రిజిస్ట్రేషను అయ్యి తాళాలు ఇచ్చే రోజున, వాళ్ళ కోసం ఎదురుచూస్తూ నేనూ పిన్నీ ముందుగదిలో ఉన్నాం. మూడు కోట్ల కింద నుంచి మరక అప్పటికే లేతగా పైకి తేలింది. పిన్ని ఆయాసంగా ఉందంటూ మంచం మీద కూర్చుని వెనక్కి వాలింది. ఆవిడ నడినెత్తికీ మరకకీ మధ్య జానెడు పైగా ఖాళీ గోడ ఉంది. మా అమ్మ పొడగరి. లెక్కల టీచర్ని, నా కళ్ళు అవే కొలిచేశాయి. నేను చూశానని పిన్ని చూసింది. గబుక్కున లేచి, కొంగు సర్దుకుని, “గోడ ఇటుక దాకా గీకించి కొత్తగా ప్లాస్టరింగు చేయించమని చెప్పు వాళ్ళకి” అంది. సరే పిన్నీ అన్నాను. ఆ తర్వాత ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ మాట మా ఇద్దరి మధ్య రాలేదు.

పిన్ని పోయి రెండేళ్ళు దాటింది. ఆవిడ నేర్పినవన్నీ నా దగ్గర ఉన్నాయి. ఎవరు ఇల్లు కొంటున్నా వెంట వెళ్తాను, అమ్మేవాళ్ళు దాచినవన్నీ తవ్వి తీస్తాను. తెనాలి బ్రోకర్లకి నన్ను చూస్తే కడుపుమంట. మొన్న బాపట్ల నుంచి ఆ అమ్మాయి ఫోను చేసింది. పిన్ని చెప్పినట్టే గోడ గీకించి, కొత్త ప్లాస్టరింగు చేయించి, రంగు వేయించారట. అదీ పిన్ని పోయిన తర్వాత. “మళ్ళీ వచ్చిందండీ, అదే చోట. ఈయన క్యాంపులో ఉన్నారు, పిల్లాడూ నేనే ఉన్నాం. భయపడాల్సిందేమైనా ఉందా? మీరైతే నిజం చెబుతారని చేశాను” అంది. వెనక పిల్లాడు ఎవరితోనో మాట్లాడుకుంటున్నట్టు కేరింతలు కొడుతున్నాడు.

“మేస్త్రి ఇటుక దాకా గీకి ఉండడమ్మా. నూనె లోపలికి దిగిపోయి ఉంటుంది” అన్నాను. “భయపడకు. అది మా ఖాసింబీ పిన్నిదే.”

“అంతేనాండీ?” అని ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది. అంతేనమ్మా అన్నాను. ఇళ్ళ విషయంలో నేను ఆడే అబద్ధం అదొక్కటే, అది కూడా పిన్ని దగ్గర నేర్చుకున్నదే.