సారలమ్మ పెట్టిన బొట్టు

2005 చలికాలంలో నాచారంలో ఒక కంప్యూటరు ఏడ్చింది. దాని ఏడుపు ఇటు ఉప్పల్ చౌరస్తా దాకా, అటు మౌలాలి గుట్ట దాకా వినిపించింది. డిపోలోంచి బయలుదేరిన బస్సులు కూడా కాసేపు ఆగి, విని, పోయాయి. సరే, బస్సులు ఆగలేదు. గుట్ట దాకా కూడా కాదు, పక్కింటి ప్రహరీ దాకా వినిపించి ఉంటుంది. అది ఏడుపు కూడా కాదు, లోపల ఏదైనా పార్టు సరిగ్గా లేకపోతే కంప్యూటరు పెట్టే కూత. అయితే ఆ కూత విన్న ప్రతిసారీ వంటగదిలో సారలమ్మ గుండె జారిపోయేదన్న మాటలో మాత్రం తగ్గించుకోవలసింది ఏమీ లేదు.

సారలమ్మ జనగామ దిక్కు నుంచి కోడలిగా వచ్చింది. భర్త బుచ్చిరాములు నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆ షెడ్డులో ఒక అలవాటు ఉండేది. మిషన్‌కు కొత్త పార్టు ఏది వచ్చినా బొట్టు పెట్టకుండా బిగించరు. అందరూ పైకి కనిపించేచోట పెడితే, బుచ్చిరాములు మాత్రం లోపలికి పోయే కొసన పెట్టించేవాడు. "పైన పెడ్తె ఎవడో ఒకడు గుడ్డతోని తుడుస్తడు. లోపలుంటె పార్టు ఉన్నన్ని దినాలు ఉంటది" అనేవాడు. ఇనుము మీద పొడి కుంకుమ నిలవదు గనుక ఒక చుక్క నూనె కలపాలి. చిన్న పార్టయితే జేబులో వేసుకుని ఇంటికే తెచ్చి భార్య ముందు పెట్టేవాడు. "నీ చెయ్యి మంచిది. నువ్వే పెట్టు" అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఆ షెడ్డులోనే అతని గుండె ఆగింది. పదోనాడు సారలమ్మ బొట్టు తీసేశాక ఆడబిడ్డ, "ఇగ నువ్వు కుంకుమ బరిణె ముట్టకు వదినె. ముట్టింది కలిసిరాదు" అని చెప్పి, బరిణెను దేవుడి గూట్లో లోపలికి జరిపింది. అప్పటినుంచి సారలమ్మ దాన్ని తాకలేదు. గూడు తుడిచేటప్పుడు కూడా ఆ బరిణె చుట్టూ తుడిచేది.

కూతురు పద్మశ్రీ డీటీపీ నేర్చుకుని, ఉప్పల్‌లోని ఒక ప్రెస్సుకు ఇంటి నుంచే పెళ్లిపత్రికలు తయారుచేసి ఇచ్చేది. ఇల్లు దాని మీదే నడుస్తోంది. కంప్యూటరేమో పాతది. గణపతి బొమ్మ, అరటిచెట్లు, రెండు కుటుంబాల పేర్లు పెట్టేసరికి ఆయాసపడి ఆగిపోయేది. ర్యామ్ పెంచితే తేరుకుంటుందని ఏఎస్ రావు నగర్‌లో అచ్యుతరావు కంప్యూటర్ల షాపులో చెబితే, పంపమంది. అక్కడ పనిచేసే ఉపేందర్ కొత్త ర్యామ్ పట్టుకుని వచ్చాడు. జానెడు లోపు పొడవున్న ఆకుపచ్చ ముక్క, కింది అంచున వరసగా బంగారు గీతలు. కవరు విప్పి దాన్ని బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవర్ మరిచానని స్కూటర్ దగ్గరికి వెళ్లాడు. పద్మశ్రీ ప్రెస్సు వాళ్లతో ఫోన్‌లో ఉంది.

ఇంట్లోకి కొత్త పార్టు వచ్చింది. బొట్టు లేకుండా బల్ల మీద ఉంది. సారలమ్మ చెయ్యి సారలమ్మను అడగలేదు. ఏళ్లుగా తాకని బరిణె మూత తీసింది, ఒక చుక్క కొబ్బరినూనె కలిపింది, లోపలికి పోయే కొస ఏదో చూసి అక్కడ ఆవగింజంత బొట్టు పెట్టింది. బరిణె మళ్లీ గూట్లోకి వెళ్లిపోయింది. ఉపేందర్ వచ్చి, ఏదో మాట్లాడుతూనే ముక్కను స్లాట్‌లోకి నొక్కేశాడు.

కూత మొదలైంది.

తీశాడు, ఊదాడు, పెట్టాడు. కూత. ఇంకోసారి గట్టిగా నొక్కితే లేచింది గానీ, పద్మశ్రీ పెళ్లికూతురి పేరు దాకా టైపు చేసేసరికి తెర నీలంగా మారి నిలిచిపోయింది. కొత్తది తీసేసి పాతది ఒక్కటే ఉంచితే నడిచింది. అయితే కొత్తదే ఖరాబనుకున్నాడు. అనుమానం తీరక పాతదాన్ని తీసి కొత్తది ఉన్న స్లాట్‌లో పెట్టి చూస్తే, అదీ కూసింది.

"చెల్లె, బోర్డు గూడ పోయినట్టుంది" అన్నాడు తల గోక్కుంటూ.

"పొద్దుగాల దాక మంచిగున్న బోర్డు నువ్వు రాంగనె పోయిందా అన్నా? షాపుల నుంచి దిష్టి గిట్ల తెచ్చినవా?"

"నా దిష్టికి గంత బలముంటె మా సేటు ఎన్నడో షాపు బంద్ జేస్తుండె."

నవ్వు అంతటితో సరి. షాపుకు తీసుకెళ్లి అక్కడి మిషన్‌లో పెడితే అక్కడా ఆ ముక్క కూసింది. పంపేముందు దాన్ని అచ్యుతరావు స్వయంగా పరీక్షించి ఇచ్చాడు. ఉపేందరే మంచిది దారిలో అమ్ముకుని, చెడిపోయినది ఆ ఇంట్లో బిగించాడని ఆయన అనుమానం. పద్మశ్రీకీ అదే అనుమానం. ఫోన్‌లో ఆయనతో అనేసింది కూడా.

మర్నాడు పొద్దున ఉపేందర్ ముక్క పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సేటు ఆఖరిసారి సూడమన్నడు చెల్లె. సాయంత్రం దాక దీని సంగతి తేలకపోతె రేపటికెళ్లి రావద్దన్నడు. దొంగనన్నడు. అందరి ముంగట."

"మరి నేనేం జెయ్యాలె అన్నా? పత్రికలు ఇయ్యాల్నే ఇయ్యాలె" అంది పద్మశ్రీ, అతని ముఖం చూడకుండా.

సారలమ్మ వంటగది గడపలో నిలబడి విన్నది. ఆడబిడ్డ మాట నిజమైందని ఆమెకు అప్పటికే ఖాయం. తన చెయ్యి తాకింది, వస్తువు చచ్చింది. ఆ కీడు పాతదాన్నీ పట్టుకుంది, బోర్డునూ పట్టుకుంది, ఇప్పుడు ఈ మనిషి బతుకును పట్టుకుంది. చెప్పకపోతే అతను దొంగగా మిగిలిపోతాడు. చెబితే, తన చెయ్యి ఎటువంటిదో సొంత కూతురి ముందు తన నోటితోనే చెప్పినట్టవుతుంది. రేపు ఈ పిల్ల పెళ్లిలో దూరంగా నిలబడమని ఎవరూ అనక్కర్లేదు, తనే నిలబడాలి.

పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. ఆమె కదల్లేదు.

"ఉపేందరూ, లోపటికి రా బిడ్డా" అంది చివరికి. "దొంగతనం లేదు, ఏం లేదు. దానికి బొట్టు పెట్టిన. నేనే పెట్టిన. నా చెయ్యి తగిలి ఖరాబైంది."

పద్మశ్రీ ముక్కను చూడలేదు, తల్లి వేళ్లను చూసింది. సారలమ్మ ఆ చేతిని కొంగులో దాచుకుంది.

ఉపేందర్ కిటికీ దగ్గరికి వెళ్లి ముక్కను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాడు. బంగారు గీతల మీద జిడ్డు పొర, అందులో వెతికితే తప్ప కనిపించని మసక ఎరుపు.

"నూనె గిట్ల కలిపినవా పెద్దమ్మా?"

"కలపకుంటె ఇనుముకు నిలవది గదా బిడ్డా."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. బల్ల మీది పెన్సిలు రబ్బరు తీసుకుని గీతల మీద మెల్లగా, ఒకే దిక్కుకు రుద్దాడు. స్పిరిట్‌లో తడిపిన చిన్న బ్రష్షుతో స్లాట్ శుభ్రం చేసి, ఆరనిచ్చి, ముక్క బిగించి స్విచ్ వేశాడు. ఈసారి ఒకటే చిన్న కూత, అంతా బాగున్నప్పుడు పెట్టేది. నల్లటి తెర మీద ర్యామ్ లెక్క ఆగకుండా చివరిదాకా ఎక్కింది.

"సూడు పెద్దమ్మా. గీ గీతలకెళ్లే కరెంటు పోవాలె. వాటి మీద నూనె పెడ్తె ఎవ్వరు పెట్టినా గింతే. నిరుడు దసరాకు మా సేటు కీబోర్డు మీదనె కొబ్బరికాయ కొట్టిండు, అది ఇయ్యాల్టికి లేవలే. నడుమల నీ చెయ్యి ఏం జేసింది?"

సారలమ్మ కొంగులోంచి చేతిని ఇంకా బయటికి తియ్యలేదు. నమ్మిందో లేదో ఆ ముఖం చూసి చెప్పడం కష్టం. పద్మశ్రీ లేచి, గూట్లోంచి బరిణె తెచ్చి, మూత తీసి తల్లి ముందు పట్టుకుంది.

"కంప్యూటరు డబ్బాకు పెట్టు. పైన."

"వద్దు బిడ్డా. నువ్వు పెట్టు."

"బాపు నన్ను పెట్టమన్నడా ఎన్నడన్న? నిన్నే పెట్టమంటుండె."

పద్మశ్రీ చెయ్యి దించలేదు. ఉపేందర్ డబ్బా మూత పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"జల్ది కానియ్యి పెద్దమ్మా. నా నౌకరి అక్కడ వేలాడుతుంది."

సారలమ్మ ఉంగరపు వేలు బరిణెలో ముంచి, డబ్బాకు పెట్టింది. బొట్టు కాస్త పక్కకు పోయింది. దాన్ని ఎవరూ సరిచేయలేదు.

ఆ సాయంత్రం పద్మశ్రీ కూడా ఏఎస్ రావు నగర్ వెళ్లి, షాపులో అందరి ముందు, తప్పు మా ఇంట్లో జరిగింది, ఉపేందరన్నది కాదు అని చెప్పింది. ఏం తప్పని అచ్యుతరావు అడిగితే, దుమ్ము అంది. ఉపేందర్ కూడా దుమ్మే అన్నాడు.

ఈ మధ్య సారలమ్మను ఈ సంగతి అడిగితే, బియ్యం ఏరుతున్న చాట మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఎవరు జెప్పిన్రు? పచ్చి అబద్ధం. మా ఇంట్ల కంప్యూటరు ఎన్నడు ఖరాబు కాలే. ఉపేందర్ ఎవరో నాకు తెల్వదు. బరిణె నేను ముట్టనే ముట్టలే."